స్పాంజి ఇయర్‌ఫోన్స్‌లో నీ గొంతు

అమ్మమ్మా,

తెనాలి స్టేషన్ దగ్గర నువ్వు కొనిచ్చిన వైరు ఇయర్‌ఫోన్స్ ఇంకా బాగానే ఉన్నాయి. అక్క బడ్స్ పది నిమిషాలు పెట్టుకుంటే చెవి నొప్పి పుడుతుంది. నీ స్పాంజివి పెట్టుకున్నట్టే తెలియదు. వాటిలో నువ్వు చరణాల మధ్య తీసుకునే ఊపిరి కూడా వినబడుతుంది.

నాకు తెలుగు చదవడం సరిగా రాదని నీకొక్కదానికే తెలుసు. అందుకే నీ బటన్ ఫోన్‌లో నాకోసం పాటలు పాడి రికార్డు చేసి పెట్టేదానివి. ఈ ఉత్తరం కూడా అందులోనే మాట్లాడి పెడుతున్నా. నిన్న రేపల్లె చర్చిలో నీ జ్ఞాపకార్థ కూడిక. నీ పాట నన్ను పాడమన్నారు. నీ ఫోన్‌లో ఆ పాట పెట్టుకున్నాను. వైరు జడ కింద దాచి, చున్నీ కప్పుకుని, నీ వెనకే పాడాను.

రెండో చరణంలో చెయ్యి తగిలి ఫోన్ నుంచి వైరు ఊడిపోయింది. నీ గొంతు మైకులో పడి చర్చంతా వినబడింది.

"గట్టిగా పాడవే పిల్లా! దేవుడికి చెవుడు లేదు, వెనక బెంచీలో సుగుణకుంది!"

అందరూ ఒకటే నవ్వు. సుగుణమ్మ గారు లేచి నిలబడ్డారు. "ఒసేయ్ మరియా, పోయినా నన్ను తిట్టడం మానలేదే నువ్వు!"

పాస్టర్ గారు నావైపు చూశారు. "ఏంటమ్మా, పుస్తకం చూసి పాడట్లేదా?"

"తెలుగు చదవడం రాదండి," అనేశాను.

"నాకు మాత్రం వచ్చా? అన్నీ మీ అమ్మమ్మ నోటి నుంచి నేర్చుకున్నవే," అన్నారు సుగుణమ్మ గారు.

కూడిక అయ్యాక ఇయర్‌ఫోన్స్‌లో ఎడమవైపుది ఆవిడ చెవిలో పెట్టాను. "అబ్బ, ఎంత బాగా వినబడుతోందే!" అన్నారు. కుడివైపుది నేను పెట్టుకున్నాను. ఇద్దరం పాడాం. నువ్వు ఊపిరి తీసుకున్న చోటల్లా ఇద్దరం ఆగాం.

నీ పిల్ల