ప్యాంటు మడతలో నత్త

మరిదికి వదిన ఆశీస్సులు.

మ్యూజియంలో గవ్వలూ నత్తలూ చూసుకునే ఉద్యోగం నీది కదా, అందుకే అడుగుతున్నా. మీ అన్నయ్య ప్యాంటు ఉతకబోతే కాలి మడతలో సెనగగింజంత నత్త దొరికింది. కొన్నాళ్ళుగా ఈయన గడియారాల కొట్టు పెందలాడే కట్టేసి, ఎవరింట్లోనో గోడగడియారం బాగుచేస్తున్నానంటున్నారు. ఇది ఎక్కడుండే నత్తో చెప్పు.

ఇట్లు,
మీ వదిన

తా.క. అడిగితే, గాలికొచ్చి పడిందేమో అన్నారు.

*

వదినగారికి నమస్కారాలు.

పెంకు కొన మొనదేలి ఉందా? నోరు గుండ్రమా, అర్ధచంద్రంలా ఉందా? ప్రాణముంటే గ్లాసెడు ఉప్పునీళ్ళలో వేసి, ఏం చేస్తుందో రాయండి. నివాసం తెలియకుండా జాతి తేల్చలేం.

మీ మరిది

తా.క. నివాసం అన్నచోట "ప్యాంటు మడత" అని రాయకండి.

*

మరిదికి ఆశీస్సులు.

కొన మొనదేలే ఉంది. నోరు గుండ్రం, దానికో మూత. ముట్టుకుంటే మూసేసుకుంటుంది, ఎక్కడికెళ్ళారని అడిగితే మీ అన్నయ్య మూసుకున్నట్టు. నీళ్ళలో వేస్తే గ్లాసు గోడ పట్టుకుని పాకి అంచుమీద కూర్చుంది. మళ్ళీ వేశా. మళ్ళీ ఎక్కింది.

ఈయనకి నీళ్ళంటే భయమని, పడవెక్కనంటారని, రేవు దాటి అవతలి ఒడ్డునున్న మా అక్కని చూడకుండా ఇన్నేళ్ళు గడిపాను. ఇక ఒక్కదాన్నే పోతా. పెట్టె దించాను.

మీ వదిన

తా.క. నిన్న చొక్కా కాలరుకి ఉప్పు చారలు. గోడగడియారాలకి చెమట పడుతుందా?

*

వదినగారికి నమస్కారాలు.

జాతి తేలింది. అది ఒడ్డురాళ్ళ నత్త. అల తగలనంత ఎత్తులో, తుంపర మాత్రం పడేచోట ఉంటుంది. నీళ్ళు లేకుండా రోజులు గడుపుతుంది గానీ నీళ్ళలో ముంచితే మాత్రం ఉండదు. కాబట్టి అన్నయ్య సముద్రపొడ్డున రాళ్ళమీద కూర్చుంటున్నాడు. ఇవి ఒంటరిగా ఉండవు. రాతి పగుళ్ళలో ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి.

మీ మరిది

తా.క. ఆఖరి రెండు వాక్యాలూ నత్తల గురించి.

*

మరిదికి ఆశీస్సులు.

నీ తా.క. దాకా చదివితే కదా. "ఆనుకుని ఉంటాయి" దగ్గరే ఉత్తరం పడేసి, కాసేపు కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగి, చివరికి ఆ రాళ్ళ దగ్గరికి వెళ్ళా. నువ్వన్నట్టే ఆయన ఒంటరిగా లేరు. ప్యాంటు పైకి మడుచుకుని, ఒకాయన మెడ కావలించుకుని నీళ్ళలో ఉన్నారు. ఆయనెవరో కాదు, రేవులో ఈత నేర్పే పెద్దాయన. మెడ విడిపించుకోగానే మీ అన్నయ్య రాతిమీదికి పాకేశారు. మళ్ళీ దింపాడు. మళ్ళీ ఎక్కారు.

నన్ను చూసి తల దించుకుని, "మీ అక్కని చూపించాలంటే పడవెక్కాలిగా. పడవకేమన్నా అయితే నిన్ను పట్టుకోవడానికి నాకు ఈతైనా రావాలి. వచ్చాక చెబుదామనుకున్నా, రావట్లేదు," అన్నారు.

అక్కడే కూర్చుని ఏడ్చాను. ఇన్నాళ్ళూ ఈయనకి పట్టదనుకున్నాను. ఈత సంగతి దేవుడెరుగు, ఆదివారం పడవెక్కుతున్నాం. అదే పెట్టెలో ఆయన బట్టలు కూడా సర్దాను.

మీ వదిన

తా.క. నత్తని దాని రాతిమీదే వదిలేశాను. నీళ్ళలో దింపితే ఒడ్డెక్కేది అక్కడ ఇంకొకటి దొరికింది. దాన్ని మాత్రం ఇంటికి తెచ్చుకున్నా.