ఆగిన బండిలో వేడి

2025 ఏప్రిల్ 3, గురువారం

బండి ఇంజిన్ ఆయిల్ మళ్లీ నల్లబడింది. పెరుమాళ్ దాన్ని మార్చి పదిహేను రోజులే అయింది. పుల్లతో తీసి వేళ్ల మధ్య రాస్తే నీళ్లలా జారిపోయింది. మాడిన వాసన.

పెరుమాళ్ వాడిన ఆయిల్‌ని వడకట్టి నాకు పోశాడా?

మెకానిక్ మనవాడే. వాళ్లది ఎట్టయాపురం పక్క ఊరు. నా ఎడమకాలు పోలియోది, ఇనుప కాలిపర్ కట్టుకోనిదే నిలవదు. మామ, అంటే మా ఆయన, నడిపిన పాత 350 బైక్‌కి వెనక రెండు చక్రాలు పెట్టి, గేరుని చేతికి, బ్రేకుని చేతికి మార్చి నాకు ట్రైక్ చేసి ఇచ్చింది పెరుమాళే. బస్సు మెట్టు ఎక్కలేని మనిషిని. కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ ల్యాబ్‌కి రోజూ యాభై కిలోమీటర్లు వెళ్లి, మళ్లీ యాభై వస్తున్నానంటే ఈ ఇంజిన్ వల్లే. ఇది పట్టేస్తే నా ఉద్యోగం పోయినట్టే.

ఇది ఎవరికీ చెప్పను. ఇక్కడ రాస్తాను. ఈ ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం, చదవగలిగేది నేనొక్కదాన్నే. చిత్తూరులో ల్యాబ్ కోర్సు చేసిన రెండేళ్లలో వచ్చిన అక్షరాలు ఇలా పనికొస్తున్నాయి.

ఏప్రిల్ 5, శనివారం

షెడ్డుకి వెళ్లి అడిగేశాను. పెరుమాళ్ స్పానర్ కింద పెట్టాడు.

"నేను అట్ల చేసేవాణ్నైతే ఈ షెడ్డు ఇంకా రేకుల్లోనే ఉంటుందా అక్కా? నీ బండికి గాలే తగలలా. అన్నం సంచి ముందర కట్టుకోని పోతా ఉండావు. ఇంజిన్‌కి మొగం మూసినట్ట."

నిజమే, సంచి ఇంజిన్ ముందు కమ్మీకి కడతాను. సిలిండర్ రెక్కల మధ్య మట్టి కూడా చూపించాడు. గాలితో చల్లారే ఇంజిన్‌కి ఆ రెక్కలే ప్రాణమట. బ్రష్‌తో గీకి శుభ్రం చేశాడు. మూడు చక్రాల బరువు లాగే బండి కాబట్టి మామూలు బైక్ కంటే పది డిగ్రీలు ఎక్కువే ఉంటుందన్నాడు. కొత్త ఆయిల్ డబ్బా సీలు నా చేతే తీయించాడు. నేను అనుమానించానని వాడికి అర్థమైంది.

ఆయిల్ పోసే మూత తీసేసి, దాని బదులు గుండ్రటి డయల్ ఉన్న మూత బిగించాడు. లోపలికి కడ్డీ దిగుతుంది, పైన ముల్లు ఆయిల్ వేడి చూపిస్తుంది.

"నూటపది దాకా బయమే లేదు. నూటముప్పై దాటినాదంటే రోడ్డుకి ఓరంగా నిలిపెయ్యి. నీళ్లు గీళ్లు పొయ్యొద్దు."

ల్యాబ్ మనిషికి రీడింగ్ చేతికిచ్చాడు. ఇక చూస్తాను.

ఏప్రిల్ 7, సోమవారం

పొద్దున 6.50, ఇంటి దగ్గర: 29.
సాత్తూరు, టీ కొట్టు ముందు: 94.
విరుదునగర్, ల్యాబ్ వెనక రేకుల పార్కింగ్: 103.
సాయంత్రం 5.40, తిరిగి తీసేటప్పుడు: 39.

సంచి వెనక పెట్టాను. వేగం యాభై ఐదు దాటలేదు. ఇంజిన్ మంచిది. ఆయిల్ మంచిది. మరి ఆ నలుపు ఎక్కడిది?

ఏప్రిల్ 8, మంగళవారం, సా. 5.45

86.

పొద్దున ఎనిమిదిన్నరకి ఆపిన బండి. తొమ్మిది గంటలు నీడలో ఉంది. ఎనభై ఆరు. డయల్ తట్టి చూశాను, ముల్లు కదల్లేదు. చెయ్యి దగ్గర పెడితే సెగ. డయల్ తప్పు చెప్పడం లేదు.

ఎవరో నా బండి తీశారు.

ఏప్రిల్ 9, బుధవారం

39. ఏమీ లేదు.

ఏప్రిల్ 10, గురువారం

పొద్దున ఆపేటప్పుడు కిలోమీటర్ల మీటర్ ఫోటో తీసుకున్నాను. సాయంత్రం ఒకటిన్నర కిలోమీటరు పెరిగింది. డయల్ 91.

దొంగ ఒకటిన్నర కిలోమీటరుకి బండి తీస్తాడా? టీకి వెళ్లొచ్చినా ఇంత వేడెక్కదు. నేను సాత్తూరు వరకు ఇరవై రెండు కిలోమీటర్లు వస్తే 94. ఒకటిన్నరకి అంత దగ్గరగా వేడెక్కాలంటే, అదీ చల్లారాక మిగిలింది 91 అంటే, గాలి తగలకుండా మొదటి గేరులో చాలాసేపు గుర్రుగుర్రుమని తిప్పి ఉండాలి. ఆయిల్‌ని మాడ్చింది ఇదే. ఎన్నాళ్లుగా జరుగుతోందో.

రేకుల పార్కింగ్ వెనక ఖాళీ స్థలం ఉంది. మట్టిలో మూడు చక్రాల గుర్తులు. గుండ్రంగా. ఒకదాని మీద ఒకటి.

వాచ్‌మన్ పాలసామిని అడిగాను. తనకేమీ తెలియదన్నాడు. నేను పూర్తిగా అడగకముందే అన్నాడు.

ఏప్రిల్ 12, శనివారం

రెండో తాళంచెవి పెరుమాళ్ దగ్గర ఉంది. ఫిబ్రవరిలో గేరు లివర్ సరిచేసేటప్పుడు ఇచ్చాను. వాడు మంగళ, గురువారాల్లో సామాన్లు కొనడానికి విరుదునగర్ వస్తాడని వాడే ఒకసారి చెప్పాడు. ఇంకేం కావాలి?

వెళ్లి తాళంచెవి అడిగాను. పది మంది ఉన్నారు షెడ్డులో. నా బండితో ఎవరికి డ్రైవింగ్ నేర్పుతున్నావని గట్టిగా అడిగాను. వాడు గోడ మేకుకున్న తాళంచెవి తీసి, గుడ్డతో తుడిచి ఇచ్చాడు.

ఇంటికొచ్చి మా ట్రైక్ వాళ్ల వాట్సాప్ గ్రూపులో రాశాను. పెరుమాళ్ షెడ్డులో బండి వదిలే ముందు జాగ్రత్త అని.

ఏప్రిల్ 15, మంగళవారం

84.

రెండు తాళంచెవులూ నా బ్యాగ్‌లోనే ఉన్నాయి.

గ్రూపులో ముగ్గురు ఇక పెరుమాళ్ దగ్గరికి వెళ్లేది లేదని రాశారు. చూసి ఫోన్ బోర్లా పెట్టేశాను.

ఏప్రిల్ 17, గురువారం

40. ఈరోజు ఎవరూ తీయలేదు. ఎందుకు? గురువారమే కదా.

మామకి జ్వరం. పనికి వెళ్లలేదు. కషాయం పెట్టి వెళ్లాను.

ఏప్రిల్ 19, శనివారం

పెరుమాళ్ ఇంటికొచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. గడప బయట నిలబడి చెప్పాడు.

"నీ తాళం సావి చూసి ఇంకోటి కొట్టించినాను అక్కా. నీది గోడకి తగిలించినాను, అది నీకిచ్చేసినాను. కొత్తది అణ్ణ తీసుకున్నాడు. నీకు చెప్పొద్దన్నాడు, చెప్పలా. నా పేరు గ్రూపులో ఏసినాక ఇంకెంత కాలమని నోరు మూసుకోనుండేది?"

అణ్ణ అంటే మామ. నా మొగుడు. మేనత్త కొడుకు కాబట్టి చిన్నప్పటి నుంచీ నాకు మామే.

వాడు వెళ్లాక చాలాసేపు గడపలోనే నిలబడ్డాను. గురువారం జ్వరంతో ఇంట్లో ఉన్నాడు. గురువారం బండి చల్లగా ఉంది.

ఏప్రిల్ 20, ఆదివారం

ఇప్పుడు అన్నీ కనిపిస్తున్నాయి.

మామ తన బైక్ తమ్ముడికి అవసరమని అరుప్పుకోట్టై పంపించేశాడు. రెండు నెలలైంది. అడిగితే వాడికింకా పని ఉందంటాడు. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి బస్సులో వెళ్తున్నాడు. ఈ ఎండల్లో ఇంట్లో సాక్సులు వేసుకుంటున్నాడు. బూట్ల నిండా పౌడర్ వాసన, ఇంతకుముందు మొహానికి కూడా రాసుకునేవాడు కాదు. స్నానానికి గంట.

మా ల్యాబ్ రిసెప్షన్‌లో ఉండే అముద నెల కింద ఒక మాట అంది. మీ ఆయన్ని మన వెనక వీధిలో చూశాను, పలకరిస్తే పక్కకి తిరిగాడని. పొరబడి ఉంటావన్నాను. ఆమె కూడా అలాగే అయ్యుంటుందంది. ఇప్పుడు మళ్లీ అడిగాను ఫోన్ చేసి. రెండుసార్లు చూసిందట. మంగళవారాలే.

ఎవరికి నేర్పుతున్నాడు నా బండి? నా సీటు మీద ఎవరు కూర్చుంటున్నారు? చేతి గేరు బండి నేర్చుకోవాల్సిన ఆడది ఎవరు? నాలాంటిదే ఇంకొకతా?

మధ్యాహ్నం ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాడు. రసం బాగుందన్నాడు. పద్దెనిమిదేళ్లు కాపురం చేసిన మొహం. ఏమీ దొరకలేదు అందులో.

ఏప్రిల్ 22, మంగళవారం

ఫ్యాక్టరీకి పోతున్నానని నాకంటే ముందే ఇల్లు కదిలాడు.

ల్యాబ్‌లో తలనొప్పి అని చెప్పి మూడింటికి కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కి, మేడ మీద స్టోర్ రూమ్‌లో కూర్చున్నాను. కిటికీలోంచి ఖాళీ స్థలం మొత్తం కనబడుతుంది. నాలుగున్నరకి వెనక గేటు తెరుచుకుంది. పాలసామి తెరిచాడు. మామ వచ్చాడు. ఒక్కడే.

ఇంకా ఎవరో వెనక వస్తారని గేటు వైపే చూశాను. ఎవరూ రాలేదు.

బండిని ఖాళీ స్థలంలోకి తోశారు ఇద్దరూ. మామ సీటు పట్టుకుని నిలబడి, వంగి, కుడికాలిని రెండు చేతులతో మోకాలి కింద పట్టుకుని ఎత్తి అవతలి వైపు పెట్టాడు.

కాలిని చేతులతో ఎత్తి అలా ఎక్కేది నేను. ప్రపంచంలో ఆ బండిని అలా ఎక్కేది నేనొక్కదాన్నే.

మొదటి గేరులో తిప్పాడు. ఎడమకి, ఎడమకి, ఎడమకి. రెండో గేరు వేయబోయి ఇంజిన్ ఆపేశాడు. మళ్లీ స్టార్ట్ చేశాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. చేత్తో బ్రేకు పట్టాల్సినప్పుడల్లా కుడికాలు ముందు తొక్కబోతోంది.

మెట్లు దిగాను. నేను దిగేసరికి పది నిమిషాలు పట్టింది, ఆయన ఇంకా తిప్పుతూనే ఉన్నాడు. నన్ను చూసి బండి ఆపాడు. పాలసామి గేటు దగ్గరికి వెళ్లిపోయాడు.

నా నోటికి మొదట వచ్చింది ఏమిటంటే, "గాలి లేకుండా మొదటి గేరులో ఇంతసేపు తిప్పితే ఆయిల్ ఏమవుతుందో తెలుసునా మామా? ఇంజిన్ సగం చంపేసినావు."

"తెలియలా," అన్నాడు. బూటు లేసు విప్పుతూ, "కాలు ఉండేదే తెలియలా జోతి," అన్నాడు.

బూటు విప్పి చూపించాడు. సాక్స్ కింద కట్టు. బొటనవేలు, దాని పక్క వేలు నల్లబడ్డాయి. పౌడర్ పుండు వాసన కోసం. షుగర్ ఎప్పటి నుంచో తెలియదు. ఫిబ్రవరిలో ఎట్టయాపురం రోడ్డులో బైక్ మీద వెళ్తూ బ్రేకు తొక్కానని అనుకున్నాడట, కాలు బ్రేకు మీద లేదట. ఒక ముసలామె పక్కకి పడి బతికింది. మర్నాడే బైక్ పంపించేశాడు. మా ల్యాబ్ వెనక వీధిలో కాళ్ల డాక్టరు దగ్గర మంగళ, గురువారాల్లో కట్టు మార్పించుకుంటున్నాడు. కోవిల్‌పట్టిలో అయితే నాకు తెలుస్తుందని ఇక్కడికి. డాక్టరు వేళ్లు తీయాలంటున్నాడు. ఇంకా పైకి పోవచ్చనీ అన్నాడట. కాలు పోతే ఇక చేతి బ్రేకు బండే గతి అని ముందే నేర్చుకుంటున్నాడు.

"నాకెందుకు చెప్పలా?"

"ఏమని చెప్పేది?"

నేను రోజుకి నూరు మందికి షుగర్ చూస్తాను. వేలి చివర సూది గుచ్చి, కాగితం మీద అంకె వేసి ఇస్తాను.

బండి పక్కన నేల మీదే కూర్చున్నాం ఇద్దరం. నాకు కోపం పోలేదు. ఏడుపూ రాలేదు. ఆయన బూటు తొడుక్కోలేక తడుముకుంటుంటే నేనే తొడిగాను.

ఏప్రిల్ 23, బుధవారం

ల్యాబ్ లోపలికి తీసుకెళ్లి నేనే రక్తం తీశాను. షుగర్ 340.

ఏప్రిల్ 26, శనివారం

షెడ్డుకి వెళ్లాను. పది మంది ఉన్నప్పుడే వెళ్లాను. తప్పు నాదని చెప్పాను. గ్రూపులో కూడా రాశాను, పెరుమాళ్ పేరు పెట్టి, నా పేరు పెట్టి. ముగ్గురిలో ఇద్దరు సరేనన్నారు. మూడో ఆయన ఏమీ రాయలేదు.

పెరుమాళ్ నవ్వలేదు. ఆయిల్ మారుస్తూ, అణ్ణ కాలు ఎట్లుండాది అని మాత్రం అడిగాడు. ఈసారి అక్కా అని పిలవలేదు. అది నేను గమనించాను.

మే 2, శుక్రవారం

రెండు వేళ్లు తీశారు. కాలు నిలిచింది. డాక్టరు ‘ఇప్పటికి’ అన్నాడు. ఆ మాటని ఎన్నిసార్లు తిప్పి చూసినా దాని వెనక ఇంకేదో దాచినట్టే ఉంది. ఇప్పుడు నాకు ఎవరు ఏం చెప్పినా అలాగే వినబడుతోంది. రోజూ పొద్దున, సాయంత్రం నేనే ఆయన పాదం చూస్తాను. బాగుందంటే నమ్మను. లైటు వేసి చూస్తాను.

మే 27, మంగళవారం

మామకి బండి రోడ్డు మీద నేర్పుతున్నాను. తెల్లారి ఆరింటికి, గాలి ఉన్నప్పుడు. ఎదురుగా గాలి వస్తుంటే రెండో గేరులో కూడా 95 దాటలేదు. కాలితో తొక్కబోవడం ఇంకా మానలేదు. చెయ్యి, చెయ్యి అని అరుస్తుంటాను వెనక నుంచి. ఊరంతా చూస్తోంది. చూడనీ.

జూన్ 21, శనివారం

మామ బండి ఇంటి ముందు ఆపాడు. కుడికాలిని తనే ఎత్తబోయి ఆగాడు. ఇన్నాళ్లలో మొదటిసారి, దిగడానికి నా చెయ్యి అడిగాడు.