ఒక్క మూత మూసి ఉంటే చాలు

ఏప్రిల్ 29, సోమవారం

వచ్చే ఆదివారం ఫకామే, పిల్లల పండుగ. పిల్లలందరూ ఒక్కొక్కరే చర్చిలో సంఘం ముందు నిలబడి బైబిలు వాక్యం చెప్పాలి. మా తమ్ముడి కూతురు నియొమాయికి పద్నాలుగేళ్లు, నత్తి. పోయినేడు మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. వెనక బెంచీల్లో నవ్వారు. ఈసారి వాక్యానికి బదులు ఫ్లూట్ మీద కీర్తన వాయించవచ్చని పాస్టరు గారు ఒప్పుకున్నారు. వాయించలేకపోతే మాత్రం అందరిలాగే వాక్యం చెప్పాల్సిందే అన్నారు.

ఫ్లూట్ సంఘానిది, బాగా పాతది. పిల్లకు నేర్పిందీ నేనే, దాన్ని బాగుచేసేదీ నేనే. మా లిఫూకా దీవిలో ఇంకెవరూ లేరు.

ఏప్రిల్ 30

ఫ్లూట్ మూతల కింది మెత్తని ప్యాడ్లు అంటుకుంటున్నాయి. వేలు తీసినా మూత లేవదు. సిగరెట్ కాగితం మధ్యలో పెట్టి మెల్లగా నొక్కి వదిలితే తేమ కాగితానికి ఎక్కుతుంది. కాగితం కోసం కొట్టుకు వెళ్తే, కొట్టు నడిపే ఫుసి, ఎప్పట్నించక్కా, పాస్టరు గారికి తెలుసా అంది. కొట్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చెవులు వేడెక్కాయి.

మే 2, గురువారం

స్క్రూ ఒకటి బయటికి వస్తోంది. బిగించి, మళ్లీ వదులవకుండా పైన ఒక చుక్క నెయిల్ పాలిష్ వేశాను. మా మరదలు, నియొమాయి తల్లి సెయినిది, ఎర్రది.

మే 4, శనివారం మధ్యాహ్నం

ఎడమ చిటికెన వేలి మీటకున్న స్ప్రింగ్ విరిగింది. దాని మూత మూసుకుని నిలవడం లేదు. కింది స్వరాలన్నీ గాలే. కీర్తనలో ఆ మూత తెరిచే పని లేదు, మూసి ఉంటే చాలు. సూది విరిచి స్ప్రింగ్ చేయొచ్చు. పొరపాటైతే మొత్తం పోతుంది, సోమవారం చూద్దాం. రబ్బరు బ్యాండు చుట్టాను.

సాయంత్రం 6

నియొమాయి మూడుసార్లు వాయించింది. ప్రభువా, రేపటిదాకా నిలబెట్టు.

మే 5, ఆదివారం ఉదయం 7

రబ్బరు తెగింది.

ఇంకోటి చుట్టమంది సెయిని. ఈ రోజు విశ్రాంతి దినం, పని ముట్టకూడదు. మా నాన్న ఆదివారం పడవ తాడు కూడా బిగించేవాడు కాదు. పొద్దున్నే గుంతపొయ్యి రాజేశావు కదా వదినా, అది పని కాదా, తినేటప్పుడు గుర్తురాదా అంది. తిండి వేరు అన్నాను. ఆ మాటలో బలం లేదని నాకే తెలుస్తోంది. సరే నేనే కడతానని చెయ్యి చాచింది. వద్దన్నాను. మా ఇళ్లలో పెద్ద మాట మేనత్తదే, ఆమె వద్దన్నది చెయ్యరు. సెయిని చెయ్యి వెనక్కి తీసుకుంది.

నియొమాయి తెల్లగౌను వేసుకుని వాక్యం కాగితం పట్టుకుంది.

ఏది పాపం? కట్టడమా, కట్టకుండా ఈ పిల్లని అక్కడ నిలబెట్టడమా?

మధ్యాహ్నం

చర్చిలో పేరు పిలిచారు. నియొమాయి ఒక చేతిలో ఫ్లూట్, ఒక చేతిలో కాగితంతో లేచింది. నేనూ లేచాను. ఏమీ ఆలోచించలేదు. వెళ్లి పిల్ల వెనక నిలబడి, చెయ్యి ముందుకు పోనిచ్చి, ఆ మూత మీద వేలు నొక్కి పెట్టాను. వాయించమన్నాను. మేనత్త పిల్లకు చేతికింద మనిషిలా నిలబడటం ఇక్కడెవరూ చూసి ఉండరు. మా తమ్ముడు తల దించుకున్నాడు.

మొదటి స్వరం గాలే. ఇంకా గట్టిగా నొక్కాను. పలికింది. నాలుగు చరణాలు. పిల్ల ఊపిరి తీసుకున్నప్పుడల్లా నేనూ తీసుకున్నాను. ఎవరూ నవ్వలేదు.

బయటికొచ్చాక పాస్టరు గారు నన్ను పేరు పెట్టి పిలిచి, లోసలినే, వేలు ఆనించడం పని కిందికి రాదు అన్నారు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి, రాదనే అనుకుంటున్నాను అన్నారు.

మే 6, సోమవారం

సూదితో స్ప్రింగ్ చేసి బిగించాను. మధ్యాహ్నమంతా పట్టింది. నియొమాయి వచ్చింది. ఇవాళ ను... నువ్వు వాయించత్తా, మూత నే... నేను పట్టుకుంటా అంది.

స్ప్రింగ్ వేశానని చెప్పలేదు.