జనరల్ లెక్కలకు పెట్టిన టిక్కు

సౌభాగ్యా, అన్నం మూత పెట్టి ఉంది, తిను. ఫారాలు నింపడంలో అబిడ్స్ గుమాస్తాలంతా నా తర్వాతే అనేవాణ్ణి కదా, ఆ గొప్ప కాస్తా గంగలో కలిసింది. నిన్న నీ తొమ్మిదో తరగతి ఫారంలో కాంపోజిట్ లెక్కలకు బదులు జనరల్‌కు టిక్కు పెట్టి ఇచ్చేశాను. జనరల్ అంటే పటాలంలో పెద్ద అధికారి కదా, అదే గొప్పదనుకున్నాను. పొద్దున పక్కింటి పద్మ టీచరు తిట్టింది. "ఏంది తాతా, గిట్ల జేసినవ్? జనరల్ దీస్కుంటే ఇంటర్ల ఎంపీసీ ఇయ్యరు. పోరి ఇంజనీరెట్లయితది? దిద్దనీకి ఇయ్యాల్నే ఆఖరు!"

నాంపల్లిలో మీ బడికి పోతున్నాను. దిద్దనిస్తారో లేదో. కోఠిలో కొన్న కాంపోజిట్ పుస్తకం మాత్రం తిరిగి ఇవ్వకు.

మీ తాత

పటాలం మాట కల్పించాను. నువ్వు ఇంజనీరువై వెళ్లిపోతే నా కోతలు ఎవరు వింటారని, తెలిసే పెట్టాను.