ఉగాది దాకా అని నేనే అన్నాను

మెదక్,
ఆదివారం పొద్దున.

చిరంజీవి సౌభాగ్యవతి యాదలక్ష్మికి అమ్మ దీవెనలు. నా మోకాలు ఒక్కటి తప్పితే ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీరు ముగ్గురూ బాగున్నారనే అనుకుంటాను, అంతలోనే ఉన్నారో లేదో అని మళ్లీ అనుకుంటాను. రిషితకు జలుబు తగ్గిందని రాశావు. తగ్గినా చల్లనీళ్లు పోయకు. అల్లుణ్ని బండి మీద మెల్లగా పొమ్మను. షోలాపూర్ రోడ్లు నేను చూడలేదు గానీ, నాకు భయమే.

నువ్వు అడిగినవాటికి జవాబు. దవాఖాన గోళీలు వేసుకుంటున్నాను. నీ తమ్ముడు రమేశ్ కొత్త చెప్పులు తెచ్చాడు, బిగుతుగా ఉన్నాయి, వాడికి చెప్పలేదు. ఇక, కలెక్టరాఫీసులో మీటింగ్ అయ్యిందా, మన సంఘం తరఫున ఎవరు మాట్లాడారు అని అడిగావు. దాని జవాబు ఫోన్లో చెప్పలేకనే ఈ జాబు. గోడకు అవతలే మీ చిన్నమ్మ ఆగమ్మ ఉంటుంది. నాకేమో మెల్లగా మాట్లాడటం రాదు.

మంజీర ఏటిని కాపాడటానికి కొత్త పాలసీ తెస్తారట. ఇసుక తోడొద్దు, మురికి కలపొద్దు, అన్నీ మంచి మాటలే. అందులోనే ఏటి ఇసుకలో ఎవరూ పంట పెట్టొద్దని కూడా రాశారు. పాపన్నపేట దిక్కు ఏరు ఎండినప్పుడు దోస, కర్బూజ పాదులు పెట్టుకొని బతికే ఆడవాళ్లు ఇరవై ఆరుగురు. ఒక్కరికీ పట్టా లేదు. ఏటినీ కాపాడండి, మా బతుకునూ కాపాడండి అని చెప్పడానికి సంఘం నుంచి ఒక్కరినే రమ్మన్నారు.

మన సంఘంలో చేతులెత్తే పద్ధతి లేదు కదా. ఎవరి ముందు చింతగింజలు ఎక్కువ పడితే వాళ్లే. నేనూ ఆగమ్మా కూర్చున్నాం. ఆమె ముందు కుప్ప పడింది. నా ముందు మూడు. అందులో ఒకటి నేనే వేసుకున్నాను.

"నువ్వు ఏట్ల దిగక పన్నెండేండ్లాయె రాజమణీ. ఆగమ్మ ఇప్పటికీ రోజు ఆటోల పోయొస్తది" అన్నారు. నిజమే. కానీ సంఘం పెట్టిన నాడు చాప పరిచింది నేను. ఆమె సంఘంలోకి వచ్చి నాలుగేళ్లు. నాకు ఇది కొత్త కాదు బిడ్డా. ఆమె మా ఇంటికి కోడలుగా వచ్చిన వారానికే మీ నాయనమ్మ ఆమె చేతి పులుసును మెచ్చుకుంది. అప్పటికి ఆరేళ్లుగా వండుతున్నది నేను. మొన్న ఆమె మైక్ అలవాటు కావాలని గంటె పట్టుకొని మాట్లాడుతుంటే, గోడకు ఇవతల నా కడుపు మండిపోయింది.

ఇక చెప్పాల్సింది చెబుతాను. మీటింగ్ గురువారం పగలు రెండింటికి. ముందురోజు సంఘం పనులు చూసే సొలొమోను సార్ నా ఫోనుకు చేశాడు. ఆగమ్మ ఫోను పాడైంది.

"పెద్దమ్మా, టైం మారింది. పొద్దుగాల పదింటికే. నేను ఊర్ల లేను, ఆగమ్మకు జర చెప్పుండ్రి."

"చెప్త సార్" అన్నాను. చెప్పలేదు. మర్చిపోలేదు బిడ్డా, చెప్పలేదు.

పొద్దున నేను పట్టంచు చీర కట్టుకొని బయల్దేరితే ఆగమ్మ వాకిలి ఊడుస్తోంది.

"యాడికక్కా?"

"దవాఖానకు."

"దవాఖానకు గీ చీరనా? కొత్త డాక్టర్ వచ్చిండా ఏంది?" అని నవ్వింది.

కలెక్టరాఫీసులో లిస్టు చదివారు. "ఆగమ్మ ఎవరు?" అన్నారు. నేను చెయ్యెత్తాను. లేచి నిలబడ్డాక మాటలు ఎట్లా వచ్చాయో! "సార్, ఏరు మాకు అన్నం పెడ్తది. దాన్ని మేమెందుకు పాడు చేస్తం? మేం పాదులకు మందు కొట్టం, లారీలు దింపం. మమ్మల్ని ఎల్లగొట్టి ఏటిని ఎవరికి అప్పజెప్తరు?" అన్నాను. చప్పట్లు కొట్టారు.

అప్పుడు అధికారి అడిగాడు. "ఏ నెలకు ఇసుక ఖాళీ చేస్తారమ్మా?"

"ఉగాదికల్ల తీగలు పీకేస్తం సార్."

"అయితే ఉగాది దాకా ఉండనివ్వాలని రాసుకుంటాం."

కింద ఆగమ్మ అని సంతకం పెట్టి, గెలిచిన దానిలా ఇంటికొచ్చాను. ఒంటిగంటకు ఆగమ్మ తల దువ్వుకొని తయారై గడపలో నిలబడి ఉంది. "మీటింగ్ అయిపోయింది. అప్పటికప్పుడు పిలిస్తే నేనే పోయిన. ఉగాది దాకా ఇప్పించిన" అన్నాను. ఆమె గోడకు ఆనుకుంది.

"అక్కా, ఉగాదికి తీగలు పూత మీదనే ఉంటయ్. ఇప్పుడు మాగమాసం పోతె గని నీళ్లు దిగుతలేవు. కాయ పడేది నడి ఎండకాలంల."

"మేం దీపావళికే గింజ పెడ్తుంటిమి గదా?"

"గా కాలం పోయిందక్కా."

సొలొమోను సార్‌కు ఫోన్ చేశాను. మంగళవారం దాకా తప్పులు దిద్దుకోవచ్చని, మాట్లాడిన మనిషే వచ్చి చెప్పాలని అన్నాడు. మాట్లాడిన మనిషి ఎవరని రాసి ఉందో ఆయనకు తెలియదు. ఇరవై ఆరుగురి తీగలు నా నోటి మాటతో పూత మీద పోతాయి. నిన్న సాయంత్రం ఆగమ్మకు అంతా చెప్పాను, ఫోను సంగతి కూడా. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది.

"మంగళారం తొమ్మిదింటికి తయారుగ ఉండు. నా పేరు మీద మాట్లాడిన అని నువ్వే చెప్పు. ఎండకాలం సంగతి నేను చెప్త" అని తలుపు వేసుకుంది.

పోతాను. సంఘం వాళ్లందరి ముందూ చెబుతాను. కేసు పెడతారేమోనని భయంగా ఉంది, రమేశ్‌కు తెలిస్తే ఏమంటాడోనని భయంగా ఉంది. అన్నిటికంటే ఇంకొకటి ఉంది, నీకు గాక ఎవరికి చెప్పను? ఆమె నాకంటే బాగా మాట్లాడుతుంది. తప్పు ఒప్పుకొని నేను పక్కన నిలబడి, అది మొత్తం వినాలి. ఆ ఇరవై ఆరుగురి కోసమైనా ఆమె బాగా మాట్లాడాలనే మొక్కుతున్నాను. మొక్కుతుంటే కూడా కడుపు మండుతూనే ఉంది, ఏం చేయను.

ఇట్లు,
నిన్ను కన్నతల్లి
రాజమణి