సోలెడు ఇప్పపువ్వు

నందికొండ, 4-7-1961

పెద్దక్క నర్సింగమ్మకు తమ్ముడు దశరథం దండం పెట్టి రాసేది.

నీ ఇంటికి కొత్త పెంకులు వేసేదాకా బాపును నా దగ్గర ఉంచుకొమ్మన్నావు. ఉంచుకున్నాను. ఆయనే తినడం లేదు. "నర్సింగి చేసే ఇప్పపువ్వు గటక పెట్టు, లేకుంటే ఊకో" అంటున్నాడు. వారానికే అంగీ వదులైంది. ఎండిన పువ్వు సంతలో కొన్నాను. జొన్నరవ్వ గటకలో సోలెడు వెయ్యమన్నావు. డ్యాము క్వార్టరులో కొలిచే సోల ఎక్కడిది? మా స్టోర్సులో అన్నీ తూకమే. తూకంలో ఎంతో రాయి.

దశరథం

తా.క.: సిమెంటు సంచి బరువు చూసి చెప్పగలను. పువ్వు నా వల్ల కాదు.

అమ్రాబాద్, 9-7-1961

చి॥ దశరథానికి అక్క దీవెనలు.

సోలెడంటే సోలెడే. అయినా పూజ కాగానే బుచ్చయ్య దుకాణానికి పోయి తూచి వచ్చాను. పద్నాలుగు తులాలు. బాపుకు వేళకు పెట్టు.

నర్సింగమ్మ

తా.క.: అమ్మకుండా, కొనకుండా, ఊరికే తూచుకొని పోయిన మనిషిని బుచ్చయ్య ఇంతవరకు చూడలేదట.

నందికొండ, 14-7-1961

అక్కా, దండం.

నీ తులాలను గ్రాములు చేసి తూచాను. పక్క క్వార్టరులో సోల దొరికితే అందులో పోశాను. ముప్పాతిక కూడా నిండలేదు. కృష్ణానది గాలికి పువ్వు చెమ్మగిల్లి బరువెక్కినట్టుంది. నిండేదాకా పోసి వండాను. బాపు ఒక్క ముద్ద నోట్లో పెట్టుకొని, "గిది మీ డ్యాము కట్టకు పోసేదా బిడ్డా, కడుపుకు పోసేదా?" అన్నాడు. మళ్లీ ముట్టలేదు. కుప్పగా పోసిన సోలనా, తలగొట్టి చదును చేసిన సోలనా? నిజం రాయి.

దశరథం

తా.క.: మిగిలింది కుక్కకు పెట్టాను. వాసన చూసి, నా మొహం చూసి, వెళ్లిపోయింది.

అమ్రాబాద్, 19-7-1961

తమ్మునికి దీవెనలు.

నిజం అడిగావు. బాపుకు పండ్లు ఊడి మూడేండ్లయింది. అప్పటినుంచి గటకలో పువ్వు వెయ్యడం లేదు. పిప్పి గొంతుకు అడ్డం పడుతుంది. బెల్లం నీళ్లు పోసి, "ఇప్పపువ్వు గటకనే బాపూ, తిను" అని పక్కన కూచుంటాను. నీకు రాసింది అమ్మ నాటి కొలత. రోజూ స్వామికి దీపం పెట్టి, లేచి అబద్ధమాడుతున్నాను. అలసిపోయాను.

నర్సింగమ్మ

తా.క.: నేను తూచిన పువ్వు కూడా పక్కింటి గుర్వమ్మను అడిగి తెచ్చిందే. ఈ ఉత్తరం బాపుకు చదివి వినిపించకు.

నందికొండ, 24-7-1961

అక్కా, దండం.

నీ తా.క. చివర్న ఉంది. అప్పటికే అంతా గట్టిగా చదివేశాను.

బాపు కండ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. "పువ్వు లేదని మొదటి దినమే ఎరుక. దేవునికి దీపం పెట్టొచ్చి గంత కష్టపడి అబద్ధమాడుతాంది, కాదంటే నొచ్చుకుంటదని తిన్న" అన్నాడు.

నువ్వు రాసినట్టే బెల్లం నీళ్లతో వండాను. రెండు ముద్దలు తిని గిన్నె జరిపాడు. "అన్ని సరిపోయినయి. దాని అబద్ధమొక్కటే తక్కువైంది. పెంకులు లేకున్నా మంచిదే, నన్ను బస్సెక్కియ్యి."

గురువారం వస్తున్నాం.

దశరథం

తా.క.: అబద్ధం ఎన్ని తులాలో తూచి రాయకు. పక్కన కూచొని చూసి నేర్చుకుంటాను.