కట్ట వేసిన నది

ఛత్రినాక నివాసి, కీర్తిశేషులు బాలనర్సింహ గారి కూతురు హరిప్రియ అనే నేను, సోమవారం జరగబోయే గుండె ఆపరేషన్‌కు ముందు, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్న వీలునామా ఇది. కోపంగా ఉన్న మాట నిజమే. కోపంలో రాసినా చెల్లుతుందని వకీలు చెప్పారు.

1. నా ఆస్తి రెండే. నాయనమ్మ కొమురమ్మ నా పేర రిజిస్ట్రీ చేసిన వీధివైపు గది ఒకటి. పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి నది దృశ్యానికి నేను నూనె రంగుల్లో వేసిన నకలు మరొకటి. బూడిదరంగు నీళ్లు, బురద ఒడ్డు, ఖాళీ పడవ. ఏ సోకూ లేకుండా ఉన్నదున్నట్టు వేయడమే దాని గొప్ప. మా అన్న బాలరాజ్ చూసి "ఏందే ఇది, మూసీ లెక్కుంది" అన్నాడు. అది క్షమించాను.

2. క్షమించనిది ఇది. నది వీధి తలుపు వైపు పారుతోందనీ, దాంతోపాటు డబ్బూ బయటికి పోతోందనీ, అందుకే అన్న పాల వ్యాపారం నిలవడం లేదనీ ఒక వాస్తు ఆయన చెప్పాడు. పటాన్ని ఎదురు గోడకు మారిస్తే సరిపోయేది; అక్కడ టీవీ ఉంది. నేను పరీక్షల కోసం ఆసుపత్రిలో ఉండగా, సైన్‌బోర్డులు రాసే సాయిలును పిలిపించి నా నదికి అడ్డంగా మట్టికట్ట వేయించాడు. కట్ట మీద రెండు హంసలు. నేను ఏడిస్తే "లొల్లి చెయ్యకు, నీళ్లు ఆగినయ్ గదా" అన్నాడు.

3. పటమూ, దుకాణం కోసం అతను కన్నేసిన గదీ అన్నకే ఇస్తున్నాను. షరతు: నా స్నేహితురాలు సుచరిత చూస్తుండగా, పైరంగును మాత్రమే కరిగించే మందులో ఆమె ముంచి ఇచ్చే దూదితో, ఆ కట్టను తన చేత్తో తుడిచి తీయాలి. నది మళ్లీ తలుపు వైపు పారేలా పటాన్ని ఆ దుకాణం గల్లాపెట్టె పైనే వేలాడదీయాలి. దించిన రోజు గది హైమవతి వదినెది. ఈ సంగతి వదినెకు ముందే చెప్పాను. మస్తు నవ్వింది.

4. అమ్మ సుశీలమ్మకు రంగు మరకలున్న నా శాలువా. కట్టను చూసి "మరి పడవ ఎటు పోవాల్నే ఇప్పుడు?" అని అడిగింది ఆమె ఒక్కతే.

5. సాయిలుకు నా మంచి కుంచెలు. హంసల మెడలు బాగా వేశాడు, కాదనలేను.

6. నేను బతికి ఇంటికి వస్తే ఇదంతా రద్దు. గది ఎవరికీ ఇవ్వను. కట్ట తుడిచే దూది మాత్రం అన్న చేతిలోనే పెడతాను.

అమలు చేయవలసినది: సుచరిత, మొఘల్‌పురా.

18 జూలై 2025, బోనాల ముందు శుక్రవారం.

(సంతకం) హరిప్రియ

సాక్షులు: నాగమణమ్మ (పక్కిల్లు), విశ్వేశ్వర్ (వకీలు గుమాస్తా).